లెక్కలోకి రాని నెలలో మాడుగుల దాకా

చోడవరం చూసొద్దామని పనిగట్టుకుని బయల్దేరేవాళ్లని నేనింతవరకు చూళ్లేదు. అరకు వెళ్తారు, లంబసింగి వెళ్తారు, మంచులో ఫోటోలు దిగుతారు. చోడవరం వెళ్లేవాళ్లకి అక్కడ పొలమో, చుట్టమో, కోర్టు వాయిదావో ఉంటుంది. నాకున్నది మా అప్ప. మా వైపు అక్కని అప్ప అంటాం. పేరు నూకరత్నం. బుచ్చయ్యపేట అవతల ఓ చిన్న ఊళ్లో చెరుకూ వరీ పండించుకుంటూ, కోడలు లక్ష్మితో ఉంటుంది. కొడుకు పరవాడలో మందుల కంపెనీలో షిఫ్టులు చేస్తాడు. ఇప్పుడా ప్రాంతాన్ని అనకాపల్లి జిల్లా అంటున్నారు గాని నా నోటికింకా విశాఖ జిల్లాయే వస్తుంది.

వెళ్లింది సరదాకి కాదు. అప్పకి రొమ్ములో గడ్డ తగిలింది. వైజాగు తీసుకొచ్చి పరీక్ష చేయిస్తే కేన్సరని తేలింది. ముందు మందు ఎక్కించి గడ్డని చిన్నది చేస్తామనీ, తర్వాత ఆపరేషననీ డాక్టరమ్మ చెప్పింది. సోమవారం చేర్పించండి, ఆలస్యం చెయ్యొద్దు అని మరీ మరీ చెప్పింది. సరేనని తలూపి, బట్టలు తెచ్చుకుంటానని ఊరెళ్లిన మనిషి, గురువారం సాయంత్రం ఫోను చేసి, "ఒసే బుల్లీ, ఇది అధిక జ్యేష్ఠం గదే. నిజ జ్యేష్ఠం రానీ. అప్పుడు మొదలెడతాను" అంది. చేతిలో ఉన్న టీ గ్లాసు గట్టుమీద పెట్టబోయి నేలమీద పెట్టేను. అంటే పడేసేనన్నమాట.

అధికమాసం సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. మన నెలలు చంద్రుణ్ని పట్టుకుని నడుస్తాయి, రుతువులు సూర్యుణ్ని పట్టుకుని నడుస్తాయి. చంద్రుడి ఏడాది పదకొండు రోజులు పొట్టి. అలా వదిలేస్తే ఉగాది వెనక్కి జరిగి జరిగి చలిలోకి, వానల్లోకి పోతుంది. అందుకని మూడేళ్లకోసారి, కాస్త అటూఇటూగా, వరసలో ఒక నెల అదనంగా చొప్పిస్తారు. ఈసారి జ్యేష్ఠం రెండు వచ్చేయి. మొదటిది అధికం, రెండోది నిజం. అధికంలో పెళ్లిళ్లు లేవు, గృహప్రవేశాలు లేవు, కొత్తపనేదీ మొదలెట్టరు.

నేను ముప్ఫై ఏళ్లు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యేను. ఇలా ఉన్న వరసలోకి మధ్యలో ఇంకోదాన్ని దూర్చడాన్ని సైన్సులో ఇంటర్‌కలేషన్ అంటారు. మొదట కేలండరు వాళ్ల మాటే. తర్వాత మా కెమిస్ట్రీ వాళ్లు ఎత్తుకొచ్చేరు, తర్వాత భూగర్భశాస్త్రం వాళ్లు, ఆ తర్వాత జీవశాస్త్రం వాళ్లు. పాఠంగా ఎన్నిసార్లో చెప్పేను. అది మా ఇంట్లోకే వచ్చి కూర్చుంటుందని అనుకోలేదు.

అనకాపల్లి దాకా

శుక్రవారం పొద్దున్నే గాజువాకలో బస్సెక్కేను. ఆడవాళ్లకి ఇప్పుడు బస్సు ఉచితం, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు కొడతారు. కండక్టరు వచ్చేసరికి నా కార్డు కనబడలేదు. బ్యాగు ఒళ్లో బోర్లించేను. మందుల డబ్బా, అప్ప రిపోర్టులు, దువ్వెన, చిల్లర, అన్నీ సీటు కిందకి దొర్లేయి. "సేతిలో ఉన్నాది గదమ్మా కార్డు!" అంది పక్కసీటావిడ. నిజమే, ఎడం చేతిలోనే ఉంది. ఆవిడ కిందకి వంగి రిపోర్టులు ఏరిపెట్టి, పైనున్న కేన్సరు ఆసుపత్రి పేరు చదివి, ఇంకేమీ అడగలేదు. అడిగితే అక్కడే బావురుమనేదాన్ని.

అనకాపల్లిలో బస్సు మారేను. బెల్లం సీజను అయిపోయినా ఆ ఊళ్లో గాలికి బెల్లం వాసన పోదు. మామూలుగా అయితే ఆ వాసనకే నాకు ఆకలేస్తుంది. ఆ రోజు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను. అప్పకి ఫోను చేసి వస్తున్నానని చెప్పేను. "ఎండల్లో ఎందుకే రావడం? నానేటి సచ్చిపోతన్నానా?" అంది నవ్వుతూ. ఆవిడ నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది.

చోడవరం

చోడవరంలో దిగీ దిగ్గానే టిఫిను. ఇడ్లీలోకి బొంబాయి చట్నీ వేస్తారు ఇక్కడ, శనగపిండితో వేడివేడిగా. మా ఇంటి దగ్గర పెట్టే డబ్బులో సగానికి ప్లేటు నిండా వస్తుంది, చట్నీ అడిగినంతా పోస్తారు. రెండు ముక్కలు తిని మిగతావి కెలుకుతూ కూర్చున్నాను.

ఎదురుగా ఒకాయన తెల్ల లుంగీ కట్టుకుని టీ తాగుతున్నాడు, పక్కన మామిడిపళ్ల బుట్ట. పేరు సత్యమట. పెళ్లిళ్లలో క్లారినెట్టు వాయిస్తాడట. మరి పళ్లు అమ్ముతున్నారేమిటని అడిగేను.

"అధికం కదమ్మా! పెళ్లి లేదు, సారె లేదు. నోరు ఖాళీగుంటే ఊరుకుంటాదేటి? అందుకే ఈ కేకలు" అని, పళ్లమ్మే కేక ఒకటి వేసి చూపించేడు. హోటలంతా నవ్వింది. "నిజం వస్తే మళ్లీ మా పనేనమ్మా. కాకపోతే అదొక్క నెలే. ఎనకాలే ఆషాడం తగలడతాది. అది మరీ సూన్యం. ఆపైన సావనం వచ్చేదాకా ఎవరూ ఏదీ మొదలెట్టరు."

ఇంతవరకు నేను భయపడింది ఒక్క నెల గురించే. నిజ జ్యేష్ఠం వచ్చేక పంట పని ఉంది అంటుంది, బావ తద్దినం అంటుంది, ఇంతలో ఆషాఢం వస్తుంది. ఆ గడ్డకి అధికమూ తెలీదు, ఆషాఢమూ తెలీదు. సత్యంగారు బలవంతాన రెండు పళ్లు చేతిలో పెట్టి, డబ్బు పుచ్చుకోనన్నాడు. "మొగం పాలిపోయింది, తినండమ్మా" అన్నాడు.

బజారులో నడుస్తుంటే తాళం వేసిన కల్యాణమండపం కనబడింది. వాకిట్లో రెండు కుక్కలు పడుకున్నాయి. నగల కొట్లో కుర్రాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. వైజాగులో కూడా అధికం పాటిస్తాం గాని మా పాటింపు వేరు. మా అపార్ట్‌మెంటులో ఎవరూ కొత్త ఫ్లాటులోకి దిగరు, ఆన్‌లైన్లో కొత్త ఫ్రిజ్జు మాత్రం దిగుతుంది. ఇక్కడ నిజంగానే ఊరంతా ఆగింది. ఇలాంటి ఊళ్లో మా అప్పని ఒక్కదాన్నీ కదిలించాలి, నేనెవర్తెని?

నా ప్లాను ఒకటే. అప్పకి దేవుడి తర్వాత మాట చెల్లేది వాళ్ల ఇంటి పంతులుగారికి. ఆయన ఇల్లు చోడవరంలోనే. ఆయన చేత "ఫరవాలేదు, మొదలెట్టు" అనిపిస్తే గెలిచినట్టే. తీరా వెళ్తే ఆయన భార్య మజ్జిగిచ్చి, "మాడుగులలో అల్లుడిగారింటికి వెళ్లేరమ్మా. అధికమాసం కదా, అల్లుడికి ముప్ఫైమూడు అప్పాలు ఇవ్వాలి. సోమవారం దాకా రారు" అంది. ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తడు.

వడ్డాది దారిలో

బస్సు కోసం ఆగే ఓపిక లేక కరెంటు ఆటో ఎక్కేను. నడిపేవాడి పేరు అప్పారావు, ముప్ఫై లోపు వయసు, నోరు ఊరుకోదు. చోడవరం దాటేక రోడ్డుకి రెండువైపులా మోకాలెత్తు చెరుకు. వడ్డాది ఇంకా ఉందనగా బండి మూలిగి, నెమ్మదించి, ఆగిపోయింది.

"రేత్రంతా సార్జింగు ఎట్టేనండి!" అని నెత్తికొట్టుకున్నాడు. సీటు ఎత్తి చూస్తే బేటరీ డబ్బా పక్కలు ఉబ్బి ఉన్నాయి.

నాకు కంగారు ఎక్కువైతే పాఠం చెప్తాను. అదొక జబ్బు. నడిరోడ్డు మీద, నెత్తిమీద కొంగేసుకుని మొదలెట్టేను. బేటరీలో నల్లటి గ్రాఫైటు ఉంటుంది బాబూ, పొరలు పొరలుగా, మడతకాజాలాగ. ఛార్జి పెడితే లిథియం వచ్చి ఆ పొరల మధ్యకి దూరుతుంది, కాజాలోకి పాకం దిగినట్టు. బండి నడిస్తే మళ్లీ బయటికి వచ్చేస్తుంది. వెళ్లడం, రావడం, వెళ్లడం, రావడం. అన్నిసార్లు దూరితే పొరలు అలిసిపోతాయి, ఉబ్బుతాయి.

అప్పారావు శ్రద్ధగా విన్నాడు. "సదువు బాగున్నాది మేడమ్. మీరు సెప్పింది యిని బండి కదుల్తాదేటి?"

"కదలదు."

"అయితే ఓ సెయ్యెయ్యండి."

అరవై ఏళ్ల దాన్ని ఆ ఎండలో ఆటో తోసేను. తాటితోపు దగ్గర నీడకి చేర్చేక ముంజెలమ్మే ఆమె మా అవతారం చూసి, డజను ముంజెలు కొట్టి ఇచ్చింది. అప్పారావు వాళ్ల బావమరిది బండి వచ్చేదాకా తింటూ కూర్చున్నాం. చల్లటి ముంజె గొంతులో జారుతుంటే నాకు ఉబ్బిన బేటరీయే కళ్లముందు. అప్పకి ఎక్కించబోయే మందు చేసే పని కూడా అదే కదా. మధ్యలో దూరడం. దూరినచోట ఏం పాడుచేస్తుందో ఎవరు చూడొచ్చేరు? అప్పారావు నా మొహం చూసి, "బేటరీ నాది, దిగులు మీకెందుకండీ?" అన్నాడు.

అప్ప ఇల్లు

పొద్దుగూకేవేళకి చేరేను. అప్ప గేదెకి కుడితి పెడుతోంది. నన్ను చూసి, "ఏటే ఇలా ఎండిపోయేవు! నీకా జబ్బు, నాకా?" అంది. నిజం చెప్పాలంటే ఆవిడే బాగుంది. బుగ్గలు నిండుగా, జడ ఇంకా నడుం దాకా.

అన్నంలోకి మామిడికాయ పప్పు, గుమ్మడి వడియాలు. వాళ్లింట్లో అధికమాసం అంతా నీచు ముట్టరు. మా ఇంట్లో ఆ పట్టింపు ఎప్పుడో పోయింది. లక్ష్మి వడ్డిస్తూ, అత్త వెనకాల నిలబడి, నాకేసి చేతులు జోడించింది. ఎలాగైనా ఒప్పించండి అని.

చెయ్యి కడుక్కున్నాక మొదలెట్టేను. "అప్పా, సోమవారం..."

"నిజం రానీ అన్నాను గదే."

"నెలకీ మందుకీ సంబంధం ఏమిటే తల్లీ!" గొంతు పెరిగింది నాకు.

అప్ప అరవలేదు. పీట లాక్కుని కూర్చుని, నాకు లెక్క చెప్పింది. బావ పోయింది జ్యేష్ఠంలో. ఈ ఏడు రెండు జ్యేష్ఠాలు వస్తే తద్దినం ఎప్పుడు పెట్టాలని పంతులుగారిని అడిగిందట. అధికంలో పెట్టినా అది లెక్కకి రాదమ్మా, నిజంలో మళ్లీ పెట్టాలి, రెండుసార్లు ఎందుకు, నిజంలోనే పెట్టేద్దాం అన్నాడట ఆయన.

"మరి ఇదీ అంతే గదా" అంది అప్ప. "ఇప్పుడేసిన మందు లెక్కకి రాదు. మళ్లీ నిజంలో మొదట్నించీ ఏయించుకోవాల. పక్కూరి పార్వతి ఏయించుకుంది, నాను సూసేను గదా. వాంతులు, నోటినిండా పుళ్లు, బోడిగుండు. ఆ బాద రెండుసార్లు నానెందుకు పడాల, సెప్పు?"

మూఢనమ్మకం అని తిట్టడానికి మాటలన్నీ సిద్ధం చేసుకుని వచ్చినదాన్ని. తీరా చూస్తే ఆవిడ లెక్క ఆవిడకి సరిగ్గా ఉంది. తద్దినానికి చెప్పిన మాటని తీసుకెళ్లి మందుకి అంటించింది, అంతే. అలా అంటించకూడదని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

బావి గట్టున

శనివారం పొద్దున్న అప్ప వెంట పొలం వెళ్లేను. వాళ్లది పాతకాలం నేలబావి, రాతి కట్టుబడి లేదు. ఎండలకి నీళ్లు అడుక్కి పోవడంతో లోపలి గోడలు పైనుంచి కిందదాకా కనబడుతున్నాయి. పైన ఎర్రమట్టి, దాని కింద జానెడు మందాన నల్లటి బంక, కింద మళ్లీ అదే ఎర్రమట్టి. ఏదో ఒక కాలంలో గెడ్డ, అంటే మా వైపు వాగు, పొంగి ఆ బంక తెచ్చి పరిచి పోయిందన్నమాట, తర్వాత ఎర్రమట్టి తన పని తాను చేసుకుపోయింది. భూగర్భశాస్త్రం వాళ్లు దీనికీ ఆ ఇంటర్‌కలేషన్ పేరే వాడతారు. దానిమీద చెరుకు హాయిగా పెరుగుతోంది.

దాన్ని చూపిస్తూ అప్పకి మందు సంగతి చెప్పేను. ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక నిచ్చెన ఉంటుంది, మెలితిప్పిన నిచ్చెన. కణం రెండవ్వాలంటే ముందు ఆ నిచ్చెనకి నకలు తీసుకోవాలి. గడ్డలో కణాలు ఆగకుండా నకళ్లు తీస్తూ పెరుగుతున్నాయి. నీకు ఎక్కించబోయే ఎర్రమందు పోయి ఆ నిచ్చెన మెట్ల మధ్య దూరి కూర్చుంటుంది. ఇంక నకలు తియ్యడం కుదరదు, అక్కడితో ఆ కణం పని అయిపోతుంది.

"మెట్ల మద్దెన కూకుంటాదా!" అంది అప్ప, ఆశ్చర్యంగా. "దొంగెదవ మందు."

నవ్వేను గాని నాలోపల వేరే నడుస్తోంది. పక్క డిపార్ట్‌మెంటు ల్యాబులో ఒక రంగు వాడేవారు, నిచ్చెన కనబడ్డానికి. అదీ ఇలాగే మెట్ల మధ్య దూరుతుంది. చేతికి తగిలితే కేన్సరు వస్తుందేమోనని గ్లౌజులు వేసుకుని ముట్టుకునేవారు. ఒకటి దూరితే రోగం వస్తుందని భయం, ఇంకొకటి దూరితే రోగం పోతుందని ఆశ. అదే పని, అదే చోటు. ఇంత తెలిసి నేను బాగుపడిందేమిటి? తెలియనివాళ్లు ఒక్క భయంతో సరిపెట్టుకుంటారు, నాకు రెండు. ఇది అప్పకి చెప్పలేదు. చెప్తే కదలదని భయం.

అప్ప కాసేపు బావిలోకి చూసి, "నువ్వు సెప్పింది బాగానే ఉన్నాది. కానీ లెక్కకొస్తాదో లేదో నువ్వు సెప్పలేవు. అది పంతులుగారు సెప్పాల" అంది.

"అయితే రేపు మాడుగుల పోదాం" అన్నాను, ఎగిరి గంతేసినట్టు.

"పద. అలవా కూడా తినొచ్చు" అంది.

మాడుగుల

మాడుగుల వెళ్తుంటే కొండలు దగ్గరకొస్తాయి. ఊరు చిన్నదే, ఏజెన్సీ సంతలకెళ్లే జీపులు, పనసకాయల లోడు, అడుగడుక్కీ హల్వా కొట్టు. పంతులుగారి అల్లుడింటి వాకిట్లోకే నెయ్యి వాసన వచ్చింది. లోపల అల్లుడుగారు పట్టుపంచెలో పీటమీద, ముందు ఇత్తడి పళ్లెంలో గుట్టగా అప్పాలు. పాపం ఆయన షుగరు పేషెంటట, పళ్లెంకేసి చూస్తే ఆయనకి కళ్లు చెమ్మగిల్లుతున్నాయి.

పంతులుగారు అరుగుమీదకి వచ్చి అప్ప చెప్పింది సాంతం విన్నారు. "అమ్మా నూకరత్నం, వాయిదా వెయ్యగలిగిన పనులే అధికంలో వాయిదా వెయ్యమన్నారు. ఆకలేస్తే నిజమాసం వచ్చేదాకా ఆగుతామా? మందు అన్నంలాంటిది. నిక్షేపంగా మొదలెట్టుకో" అన్నారు.

నాకు ఆయన కాళ్లమీద పడాలనిపించింది. అప్ప మాత్రం కదల్లేదు. "మొదలెట్టొచ్చు, సరే. లెక్కకొస్తాదా పంతులుగారూ?"

ఆయన తడబడ్డారు. "లెక్కంటే... అది డాక్టరుగారు చెప్పాలమ్మా" అన్నారు. ఇంతలో లోపల్నుంచి కూతురు పిలిచింది. మా ఇద్దరికీ చెరో రెండు అప్పాలు ఆకులో పెట్టి ఇచ్చి, ఆయన లోపలికి వెళ్లిపోయేరు. నా ప్లాను అక్కడితో సరి.

వీధిలోకి వచ్చేక అప్ప, "నీ మొగం సూసి సెప్పేడే ఆయన. అలా బిక్కమొగం ఎట్టుకుని కూకుంటే ఎవరైనా మొదలెట్టమనే అంటారు" అంది. అయిపోయింది అనుకున్నాను. రేపు సోమవారం. ఆసుపత్రిలో మనకి ఉంచిన మంచం ఇంకెవరికో ఇచ్చేస్తారు. ఆవిడ వెంట హల్వా కొట్లోకి నడిచేను.

మాడుగుల హల్వా గోధుమలు నానబెట్టి తీసిన పాలతో చేస్తారు. నెయ్యి ఓడుతూ, జీడిపప్పుతో, నమిలే పని లేకుండా జారిపోతుంది. కొట్టాయన ఆకు ముక్కల్లో రుచికి పెట్టేడు. అప్ప కళ్లు మూసుకుని తింది. తిని, వేళ్లు నాకి, ఉన్నట్టుండి అంది.

"అయితే ఇలా సూడే. అధికంలో ఏసింది లెక్కకి రాదు. అంటే నాను మొదలెట్టినట్టే కాదు, అవునా? ఊరికే ఎల్లి ఓ పాలి ఏయించుకుని సూసొస్తాను. తట్టుకోగలిగితే నిజంలో మొదలెడతాను. తట్టుకోలేకపోతే మొదలెట్టనేలేదు. నన్నెవరూ ఏటీ అనడానికి లేదు."

ముప్ఫై ఏళ్లు క్లాసులో తప్పు సమాధానం వినబడితే చాక్‌పీసు విసిరేదాన్ని నేను. లెక్కకి వస్తుందే తల్లీ, మొదటిది మొదటిదే, మధ్యలో మానేస్తే మొదటికే మోసం అని నా లోపల ఒకటే గోల. నోట్లో ఇంత హల్వా కుక్కుకుని, "అవునప్పా" అన్నాను. "రేపు పొద్దున్నే వచ్చేస్తాను. ఇయ్యాల ఇంటికెల్లి బట్టలు సర్దుకోవాల" అంది అప్ప.

తిరుగు బస్సు

వైజాగు వెళ్లే బస్సు దొరికింది. దారిలో వడ్డాదిలో దిగి ఊళ్లోకి వెళ్దామనుకున్నాం. ఇద్దరికీ వడ్డాదికే సున్నా టికెట్లు కొట్టించేను. అప్ప కిటికీ పక్కన కూర్చుంది. నాకు గెలిచినట్టు లేదు. ఇంటికెళ్తే పక్కింటివాళ్లు వస్తారు, పార్వతి కథ మళ్లీ చెప్తారు, రేపు పొద్దున్నకి ఈ మనసు ఉంటుందో లేదో. ఫోను తీసి టైము చూసి, పెట్టి, మళ్లీ తీసేను.

సగం దారిలో అప్ప నాకేసి తిరిగింది. "ఒసే బుల్లీ, ఒకటడుగుతాను, అబద్దం సెప్పకు. ఆ మందు మెట్ల మద్దెన దూరుతాదన్నావు. గడ్డలో వాటికే దూరుతాదా, మంచివాటిక్కూడానా?"

నిన్న బావి దగ్గర్నుంచీ ఈ ప్రశ్న రాకూడదనే మొక్కుకుంటున్నాను. లేదు అంటే సరిపోయేది. ఆవిడ నమ్మేది కూడా. హల్వా కొట్లో ఊరుకున్నట్టు ఊరుకోవచ్చు. కానీ ఆవిడ నా చెయ్యి పట్టుకుని అడుగుతోంది, ఆ చెయ్యి ఆ ఎండలో చల్లగా ఉంది. అప్పుడు తెలిసింది నాకు, ఇన్ని రోజులూ ఈవిడ నాకంటే ఎక్కువ భయపడుతోందని.

"మంచివాటిక్కూడానప్పా" అన్నాను. "మందుకి తేడా తెలీదు. గబగబా పెరిగేవాటిని ఎక్కువ పట్టుకుంటుంది. జుట్టు అలా పెరిగేదే, అందుకే ఊడుతుంది. నోట్లో చర్మం కూడా అంతే, అందుకే పుళ్లు. గుండెకి కూడా మంచిది కాదు, అందుకే ఎంత ఎక్కించాలో కొలిచి ఎక్కిస్తారు, పరీక్షలు చేస్తూ ఉంటారు."

అప్ప నా చెయ్యి వదిలేసి కిటికీలోంచి చెరుకు చూస్తూ కూర్చుంది. అయిపోయింది, నా నోటితో నేనే చెడగొట్టేను అనుకున్నాను. డాక్టరమ్మకి ఏం చెప్పాలి, లక్ష్మికి ఏం చెప్పాలి, తర్వాత ఎప్పుడో నాకు నేను ఏం చెప్పుకోవాలి.

"వడ్డాది! వడ్డాది దిగేవాళ్లు రండి!" అని కండక్టరు కేకేసేడు. నేను బ్యాగు తీసుకుని లేచేను. అప్ప లేవలేదు.

"అప్పా, వడ్డాది."

"తెలుసు."

"దిగాలి కదే. బట్టలు?"

"నీ సీరలు లేవేటి?" అంది. కండక్టరుకేసి చెయ్యి ఊపింది. "బాబూ, ఇద్దరికీ ఇసాపట్నం కొట్టు."

ఆ అబ్బాయి విసుక్కుంటూనే మిషను తీసేడు. బస్సు కదిలింది. నేను బ్యాగు ఒళ్లో పెట్టుకుని మళ్లీ కూర్చున్నాను. ఎందుకు మనసు మార్చుకుందో అడగాలంటే కూడా భయమేసింది. అడిగితే మళ్లీ మార్చుకుంటుందేమోనని.

చాలాసేపటికి ఆవిడే అంది, నాతో అన్నట్టు కూడా కాదు.

"మంచివి ఓర్సుకుంటాయిలే."

నేను తల వంచుకుని ఏడ్చేను. అప్ప తన కొంగు చివర నా చేతిలో పెట్టి, చోడవరం వచ్చేదాకా నావైపు చూడలేదు.